తోటలోని చెక్కకొట్టునకు మరల రంగు వేయుట: పిచికారి యంత్రము

తోటలయందును బావులయొద్దను రైతు కట్టుకొను చెక్కకొట్టు చిన్నదే కాని, దానిలో నుండు సొత్తు చిన్నది కాదు. మోటారు, పైపులు, విత్తనపు మూటలు, ఎరువులు, గొడ్డళ్లు, పారలు అన్నియు దానిని నమ్ముకొనియే యుండును. అట్టి కొట్టునకు రంగు వేయుట సొగసు కొఱకని పలువురు తలంతురు. సొగసు వచ్చినచో మంచిదే. కాని రంగుయొక్క అసలు పని వాననీటిని కఱ్ఱలోనికి పోనీయకుండుట. తడిసి యెండి, మరల తడిసి యెండిన పలక బీటలు వాఱును. బీటలో నీరు నిలుచును. నీరు నిలిచినచోట కుళ్లు పుట్టును. కుళ్లినచోటికి చెదలు దారి వెదకికొని వచ్చును. కావున కొన్ని యేండ్ల కొకసారి పాతరంగు పరీక్షించి, అవసరమైనచోట మరల రంగు వేయుట ఖర్చు కాదు, కాపుదల.

ఈ పనిని కుంచెతో గాక పిచికారి యంత్రముతో చేయుట పట్టణములలో వాడుకయైనది. గ్రామములకును ఈ యంత్రము వచ్చుచున్నది. సంఘము తరఫున నొకదానిని కొని సభ్యులకు అద్దెకిచ్చిన బాగుండునను మాటయు వినవచ్చుచున్నది. అది మంచిదా కాదా యని నిర్ణయించుటకు ముందు, యంత్రము ఏ పనిని తగ్గించునో ఏ పనిని తగ్గింపజాలదో తెలిసికొనవలెను. కొట్టునకు రంగు వేయుట నాలుగు దినముల పని యనుకొనుడు. అందు మూడు దినములు గీకుటకును, కడుగుటకును, ఆరబెట్టుటకును, మరమ్మతునకును పట్టును. యంత్రము తొందరగా చేయునది నాలుగవనాటి పని నొక్కదానినే. మొదటి మూడు దినములను ఎగవేసి, యంత్రమున్నది గదాయని పాతరంగుమీదనే క్రొత్తరంగు చిమ్మినవాని కొట్టు రెండు వానకాలములలో పొట్టు రాలును.

ఈ యంత్రము రైతునకు బొత్తిగా పరాయిది కాదు. 1885లో ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటల కొఱకు మిల్లార్డే యను పండితుడు మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో ద్రావకమును ప్రకటించినది మొదలు, మందును తుంపరగా చల్లు పనిముట్లు వ్యవసాయములో వ్యాపించినవి. అమెరికాలోని చికాగో నగరమున జోసెఫ్ బింక్సు అనునాతడు 1887లో ఒక పెద్ద వర్తకశాలయొక్క నేలమాళిగ గోడలకు సున్నము వేయుటకై చేతిపంపుతో నడచు పిచికారిని చేసెను. 1893లో ఆ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు విశాలమైన భవనములకు ఇట్టి పిచికారులతోనే తెల్లరంగు వేసిరి. కనుక మందు పిచికారియు రంగు పిచికారియు దాయాదులే. దాయాదులైనను ఒకదాని పని మఱియొకదానిచేత చేయింపరాదు. ఆ సంగతి ముందు చెప్పెదను.

మొదట పాతరంగును చూడవలెను. అరచేతితో పలకను రుద్దినప్పుడు సున్నమువంటి పొడి అంటినచో ఆ రంగు చచ్చినది. అంటుడు టేపు ముక్కను గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగినప్పుడు రంగు పెచ్చు టేపుతో వచ్చినచో, అక్కడ క్రొత్తరంగు నిలువదు. అట్టి తావులను గీకి తీసివేయవలెను. గట్టిగా పట్టియున్న రంగును పూర్తిగా తీయనక్కఱలేదు. అంచులు నునుపగునట్లు గరుకుకాగితముతో రుద్దిన చాలును.

ఇక్కడ సభ్యులు నిలిచి చదువవలసిన విషయ మొకటి కలదు. పాతరంగులలో సీసము ఉండును. తెల్లరంగులో సీసపు సఫేదా, పసుపురంగులలో సీసపు క్రోమేటు, ఇనుమునకు తుప్పు పట్టకుండ పూయు ఎఱ్ఱరంగులో ఎఱ్ఱసీసము, త్వరగా ఆరుటకు కలుపు మందులలో కొంత సీసము, ఈ రీతిని అనేక సంవత్సరములు వాడిరి. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములకు మించరాదని 2016లో నియమము చేసిరి. అది 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు వేసిన రంగులో సీసమున్నదో లేదో కంటితో చూచి చెప్పజాలము. కావున ఆ తేదీకి పూర్వపు రంగు నంతటిని సీసపురంగు గానే యెంచి పనిచేయుట క్షేమము. మఱియు ఆ నియమము ఇంటిరంగులకే గాని కర్మాగారములలో వాడు రంగులకు వర్తింపదు. ట్రాక్టరు తొట్టికో యంత్రమునకో వేయగా మిగిలిన డబ్బా యున్నదిగదాయని కొట్టునకు వేయరాదు.

సీసపు ధూళి పెద్దలకు చెఱుపు. బిడ్డలకు మఱింత చెఱుపు. వారి బుద్ధి వికాసమును అది కుంటుపఱచును. బిడ్డల రక్తములో ఇంతవఱకు సీసమున్నను భయము లేదనదగిన మేర యేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మనుష్యుల మాట యట్లుండగా, పశువుల మాట మనవారు తలపెట్టరు. కొట్టునకు కట్టివేసిన దూడ పెచ్చులూడిన పలకను నాకుచు నిలుచుట అందఱు చూచినదే. సీసము రుచికి తియ్యగా నుండునందున పశువులు దానిని విడువవు. అట్లు నాకిన పశువు చూపు తప్పి గోడలకు కొట్టుకొనును, పండ్లు కొఱుకును, వణకి పడిపోవును. యజమాని దిష్టియనియో పాము కాటనియో భ్రమపడి యుండగానే దూడ చచ్చును. గీకిన పెచ్చులు గడ్డిమీద పడినను ఇదే గతి. కావున గీకుటకు ముందు పశువులను మఱియొకచోటికి తోలవలెను. పని ముగిసి నేల శుభ్రమగువఱకు మరల తేరాదు.

గీకు విధానము గూడ తెలిసియుండవలెను. పొడిగా గీకినచో ధూళి లేచును. అందుచేత పలకను నీటితో తడుపుచు, తడిమీదనే రేకుబద్దతోను గరుకుకాగితముతోను గీకవలెను. రంగును మంటతో కాల్చి తీయు అలవాటు కొందఱు వడ్రంగులకు కలదు. సీసపురంగును కాల్చినచో విషపుపొగ వచ్చును గనుక అది కూడదు. పలకక్రింద నేలమీద వెడల్పైన పట్టా పఱచి, రాలిన పెచ్చులన్నిటిని దానిలోనే పోగుచేసి, మూత గల డబ్బాలో కట్టివేయవలెను. పెంటకుప్పలో వేసినచో అది ఎరువుతో చేనికి పోవును. చెఱువుగట్టున పారవేసినచో నీటికి పోవును. రెండును తగవు. ఆ డబ్బాను పంచాయతీవారు ప్రమాదకరమైన చెత్తను వేఱుగా తీసికొను తావునకు అప్పగింపవలెను. పనివాడు ముక్కునకు తుండుగుడ్డ కట్టుకొన్న చాలదు. ఎన్-95 అను ముసుగు మందులదుకాణములలో దొరకును, దానిని వాడవలెను. చేతులు కడుగకుండ అన్నము తినుటగాని బీడీ త్రాగుటగాని చేయరాదు. ఆ బట్టలతో ఇంటికి పోయి పిల్లల నెత్తుకొనరాదు.

కఱ్ఱ పరీక్ష తరువాతిది. పలకల అడుగు అంచులను, నిట్టాళ్ల మొదళ్లను సన్నని కదురుతో పొడిచి చూడవలెను. మెత్తగా దిగినచోట కుళ్లు కలదు. కుళ్లినమేర కోసివేసి క్రొత్త ముక్క అతుకవలెను గాని లప్పముతో కప్పిపెట్టరాదు. లప్పము మేకుగుంటలకును చిన్న బీటలకును మాత్రమే. వాననీరు అన్నిటికంటె ఎక్కువగా త్రాగునది పలకయొక్క కోసిన కొన. పై ముఖము నిండుగా రంగువేసి కొనలను విడిచినవాడు తలుపు మూసి కిటికీ తెఱచినవానివంటివాడు. క్రొత్తగా అతికిన ముక్కయొక్క కొనలకు అతుకకముందే రంగు పట్టింపవలెను. కొట్టుచుట్టును మట్టి పోగుపడి పలకల నంటుకొనియున్నచో, నాలుగు వ్రేళ్ల యెడము కనబడునట్లు త్రవ్వివేయవలెను. ఈ యొక్కపని రెండు పూతల రంగుకంటె మేలు.

కొన్ని కొట్టులలో ఆకుపచ్చని ఛాయగల, మందు పట్టించిన కలప యుండును. ఆ మందుకు కర్త మన తెలుగువాడే. దెహ్రాదూను అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన సొంటి కామేశముగారు 1933లో రాగి, క్రోమియము, పాషాణము కలిపి కలపకు పట్టించు విధానమును కనుగొనిరి. కఱ్ఱ స్తంభములు ఏండ్ల తరబడి చెదలు పట్టక నిలుచుటకు ఆ మందు లోకమంతట వాడబడినది. దాని గుణము గొప్పదేకాని అందలి పాషాణము విషము. అమెరికాలో తయారీదారులు ఇండ్లకు వాడు కలపకు దానిని పట్టించుట 2003 చివరతో మానుకొనిరి. మీ కొట్టులో అట్టి కలప యున్నచో దానిని పొడిగా రుద్దరాదు. కోసిన ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. ఆ బూడిదలో పాషాణము మిగులును, పశువు నాకిన చచ్చును.

గీకి కడిగిన పలకలు రెండు మూడు దినములు మంచి యెండలో ఆరవలెను. తడికఱ్ఱపై వేసిన రంగు బొబ్బలెక్కును. కాలమును బట్టి చూడగా మాఘ ఫాల్గుణములు ఈ పనికి మిక్కిలి యనుకూలము. కార్తిక మార్గశిరములలో మంచు ఎక్కువ. నెల్లూరు ప్రాంతమున ఆ నెలలలో వానలును ఉండును. రోహిణికార్తె యెండలో రంగు పలకను పట్టకముందే తుంపరగానే ఆరిపోవును. ఆషాఢపు గాలిలో సగము రంగు పొరుగువాని చేనికి పోవును. దినములో గూడ మంచు ఆరినపిదప మొదలుపెట్టి, నీడను వెంబడించి పనిచేయవలెను: ఉదయము పడమటి గోడ, మధ్యాహ్నమైన తరువాత తూర్పు గోడ.

ఇక యంత్రముల సంగతి. ముఖ్యముగా రెండు తెగలు కలవు. ఒకటి చేతపట్టుకొను చిన్న విద్యుద్యంత్రము. దానిలో ఒక విసనకఱ్ఱ మెల్లని గాలిని విస్తారముగా తోలి, చిన్న గిన్నెలోని రంగును తుంపరచేయును. ఒత్తిడి తక్కువ, వెలయు తక్కువ. మాటిమాటికి గిన్నె నింపుకొనవలెను. ఒక కొట్టునకు ఇది సరిపోవును. రెండవది గాలి లేకుండ పంపుతోనే రంగును నొక్కి సన్నని రంధ్రముగుండ చిమ్మునది. పొడవైన గొట్టముతో డబ్బానుండియే రంగు పీల్చుకొనును. పెద్ద గోదాములకు తగినది. దీని ఒత్తిడి చదరపు అంగుళమునకు రెండువేలనుండి మూడువేల పౌండ్లవఱకు ఉండును. లారీ చక్రములోని గాలి యొత్తిడి సుమారు నూఱు పౌండ్లని తెలిసినవారికి ఇది యెంతటిదో బోధపడును.

ఆ యొత్తిడి మనుష్యుని చర్మమును సూదివలె చీల్చి రంగును లోనికి ఎక్కించును. నాజిలులో నలుసు అడ్డుపడినప్పుడు వ్రేలితో తుడువబోయిన వారికే ఈ ప్రమాదము తఱచుగా కలుగును. గాయము తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నంతయే కనబడును. మొదట నొప్పియు అంతగా నుండదు. లోపల రంగు నరముల వెంట ప్రాకి, కొన్ని గంటలలో వ్రేలు చచ్చి, తీసివేయవలసి వచ్చును. కట్టుకట్టి రేపు చూతమనరాదు. శస్త్రవైద్యుడు గల పెద్ద ఆసుపత్రికి అప్పుడే పోయి, అధికమైన ఒత్తిడితో రంగు ఒంటిలోనికి ఎక్కినదని స్పష్టముగా చెప్పవలెను. రంగుడబ్బా గూడ తీసికొనిపోవలెను. నలుసు అడ్డుపడినచో ముందు యంత్రమాపి, ఒత్తిడి విడిచి, మీటకు గొళ్లెము వేసి, అటుపిమ్మటనే నాజిలును ముట్టవలెను. నా యభిప్రాయమున, పని నేర్చినవా డొకడు ఊరిలో లేనిదే ఈ రెండవతెగ యంత్రమును ఎవరిచేతికిని ఇయ్యరాదు. చిన్నయంత్రముతో నొక పూట ఎక్కువ పట్టినను నష్టము లేదు.

వీపున వేసికొను మందు పిచికారిలో రంగు పోసి పని కానిత్తమను ఆలోచన సహజముగా కలుగును. ఆ పని చేయరాదు. దాని నాజిలు చిక్కని రంగును తుంపర చేయజాలదు; రంగు గడ్డకట్టి రబ్బరు బిళ్లలు పాడగును. గుడ్డతో తుడిచినను పోని మందు రంగులో కలిసి గోడ నంటును. దీనికి తిరుగుడుగా, రంగు పిచికారిని మందుకు వాడుటయు అంతే తప్పు. కలుపుమందు చల్లిన పిచికారిని సరిగా కడుగక ప్రత్తిమీద వాడి ఆకులు ముడుచుకొనిపోగా చూచినవారికి ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు.

రంగును నీటితో కలుపునది యెన్నుకొనుట మేలు. టర్పెంటైనుతో కలుపు రంగు తుంపరయైనప్పుడు నిప్పు రవ్వకే అంటుకొనును. దాని ఆవిరిని ఎన్-95 ముసుగు ఆపజాలదు. ఏ రంగైనను పలుచని పాత పంచెగుడ్డతో వడపోసి పోయవలెను. డబ్బాపై చెప్పినంత నీరే కలుపవలెను. వట్టికఱ్ఱ బయటపడిన తావులకు ముందు ప్రైమరు వేయవలెను. తలుపు బందులు, గొళ్లెము, మోటారు మీటపెట్టె, తీగెలు కాగితముతో కప్పవలెను, విద్యుత్తు ఆపవలెను. కొట్టులోని సరకంతయు బయటికి తీయవలెను. గాలివాలున పశువుల మేత, కూరపాదులు, త్రాగునీటి తొట్టి లేకుండ చూచుకొనవలెను.

చిమ్ముటకు ముందు పాత పలకమీద నభ్యసింపవలెను. నాజిలు పలకకు పది పండ్రెండంగుళముల దూరమున నుండవలెను. మణికట్టు త్రిప్పక, చేయి మొత్తమును పలకకు సమదూరముగా కదల్పవలెను. చేయి త్రిప్పినచో నడుమ దళసరియు కొనలందు పలుచనయు అగును. చేయి కదలిన పిదప మీట నొక్కి, చేయి ఆగకముందే మీట విడువవలెను. ప్రతి వరుసయు క్రిందటి వరుసను సగము కప్పవలెను. ఒకే దళసరి పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. పాతబడిన గరుకు పలకపై చిమ్మిన రంగు మీదనే తేలియుండును. అందుచేత మొదటి పూత వేయగానే, అది తడిగా నుండగానే, రెండవ మనిషి కుంచెతో దానిని కఱ్ఱపేళ్లలోనికి రుద్దవలెను. యంత్రము కొన్నాము గదా, కుంచె యెందుకని అడుగువారు కలరు. రంగును పలకకు చేర్చుట యంత్రముయొక్క పని. పలకలోనికి పట్టించుట కుంచెయొక్క పని.

రంగు ఎంత కావలెనో లెక్క చూతము. పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు గల కొట్టునకు నాలుగు గోడలు కలిసి 352 చదరపు టడుగులు. మూడడుగుల ఎత్తుగల రెండు ముక్కోణపు గోడభాగములు 30. వెరసి 382. డబ్బాపై లీటరునకు నూఱు చదరపు టడుగులని వ్రాసియున్నచో ఒక పూతకు నాలుగు లీటర్లు కావలెను. యంత్రముతో వేయునప్పుడు కొంత గాలికి పోవును గనుక ఐదు లీటర్లు, రెండు పూతలకు పది లీటర్లు పెట్టుకొనవలెను. కుంచెతో ఎనిమిది లీటర్లతో ముగియును. కావున ఒక్క కొట్టు కలవాడు కూలిలో మిగిల్చినదానిలో కొంత రంగులో పోగొట్టుకొనును. యంత్రము కడుగుటకు పట్టు గంటను గూడ చేర్చినచో, వానికి కుంచెయే చవుక. సందులు, అడ్డుబద్దలు, గాలికంతలు ఎక్కువగా గల కొట్టులకును, సంఘపు గోదాము తలుపులకును, వరుసగా పది కొట్టులకు పని పడినప్పుడును యంత్రము ఫలించును.

ఈ కారణముననే యంత్రమును ఎవరికివారు కొనుటకంటె సంఘము కొనుట తగును. కొన్ని యేండ్ల కొకసారి ఒక దినము వాడు వస్తువునకు ప్రతి యింటను డబ్బు పడియుండనేల? అయితే ఉమ్మడి వస్తువు ఉమ్మడిగా పాడగుటయు కలదు. రంగు ఒక్కరాత్రి లోపల ఎండినచో యంత్రము పనికిరాదు. అద్దెతోపాటు ధరావతు పుచ్చుకొనవలెను. యంత్రమును తిరిగి తెచ్చిన సభ్యుడు గుమాస్తా యెదుట మంచినీరు పోసి తెల్లని గుడ్డపై చిమ్మి చూపవలెను. గుడ్డపై రంగు కనబడకున్నచో ధరావతు అప్పుడే చెల్లింపవలెను, కనబడినచో అక్కడనే కడిగింపవలెను. ఎవరెవరు ఏ తేదీన తీసికొనిరో పుస్తకములో వ్రాయవలెను. ముసుగులును, పఱచు పట్టాయు యంత్రముతో కలిపియే అద్దెకియ్యవలెను. విడిగా నుంచినచో యంత్రము మాత్రమే తీసికొనిపోవుదురు.

కొనుటయో మానుటయో సర్వసభ్య సమావేశము నిర్ణయించునది. ఈలోపల మాఘము వచ్చువఱకు వేచియుండనక్కఱలేదు. నిట్టాళ్ల మొదళ్లు పొడిచి చూచుటకును, పలకల నంటిన మట్టి తీయుటకును, పెచ్చులూడిన కొట్టునుండి దూడను విప్పి మఱియొకచోట కట్టుటకును యంత్రముతో పనిలేదు.